మోకాలి లిగమెంటు తెగితే: కోతా, కసరత్తా?

సంక్రాంతి కబడ్డీలో కూతకెళ్లిన కుర్రాడి పాదం నేలలో పాతేసినట్టు ఆగిపోతుంది, ఒళ్లు మాత్రం పక్కకు తిరిగిపోతుంది. మోకాలి లోపల ‘టప్’మని చప్పుడు. రెండు మూడు గంటల్లో మోకాలు కొబ్బరికాయంత వాస్తుంది. ఉభాల (వరి నాట్ల) రోజుల్లో తడి గట్టు మీంచి జారినా, రాయగడ ఘాట్‌ రోడ్డులో బండి మీంచి పడినా ఇదే వరస. ఆ రాత్రి ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. “ఆపరేషన్ చేయించకపోతే కాలు పోతాది” అని ఒకరు. “కత్తి పెడితే ఇంక ఆ కాలు పనికిరాదు, కట్టు కట్టించీయండి, అదే అతుక్కుంటాది” అని ఇంకొకరు. ఈ రెండు మాటల్లో ఏది గట్టిగా అంటే ఆ దారిన పోవడం వల్లే పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు చాలా మోకాళ్లు పాడవుతున్నాయి.

తెగింది ఏమిటో ముందు తెలియాలి. తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య, కీలు నడిబొడ్డున, రెండు తాళ్లు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి. ఎముకను ఎముకకు కట్టి ఉంచే ఇలాంటి తాళ్లనే లిగమెంట్లు అంటారు. ముందున్నది ఏసీఎల్. పొడవు మూడు సెంటీమీటర్లకు అటూ ఇటూ. కాలి ఎముక ముందుకు జారకుండా, మెలిక తిరగకుండా పట్టి ఉంచేది అదే. వెనకున్నది పీసీఎల్. మోకాలికి లోపలి పక్క ఎంసీఎల్, బయటి పక్క ఎల్‌సీఎల్. రెండు ఎముకల మధ్య నెలవంకల్లా రెండు మెత్తలు ఉంటాయి, వాటిని మెనిస్కస్ అంటారు. మనవాళ్లు ‘గుజ్జు’ అని అన్నిటినీ కలిపి అనేస్తారు గానీ, మెనిస్కస్ వేరు, ఎముక చివర నున్నగా ఉండే మృదులాస్థి వేరు. చికిత్స తేల్చేటప్పుడు ఈ తేడా చాలా పెద్దది.

లోపలి పక్క ఎంసీఎల్ కీలు బయట, కండల మధ్య ఉంటుంది. తెగినచోట రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మీదుగానే కొత్త పోగులు పుడతాయి. అందుకే పూర్తిగా తెగిన ఎంసీఎల్ కూడా ఒంటరి దెబ్బ అయితే ఆరు వారాల బ్రేస్‌తో (మోకాలిని పట్టి ఉంచే తొడుగుతో) చాలామందికి మానిపోతుంది. ఏసీఎల్ ఉండేది కీలు నీటి మధ్య. తెగిన రెండు కొసల నడుమ గడ్డ నిలవకుండా ఆ నీరు కడిగేస్తుంది. ‘ఏసీఎల్ అతకదు’ అని దశాబ్దాలుగా చెప్పడానికి కారణం ఇదే. అయితే ఆ మాట నూటికి నూరు పాళ్లూ నిజం కాదని ఇప్పుడు తెలుస్తోంది. ఆ సంగతికి కాసేపట్లో వద్దాం.

ఎదురుచూడకూడని మోకాళ్లు

కోతా, కసరత్తా అని ఆలోచించే తీరిక కొన్ని మోకాళ్లకు ఉండదు.

బండి ప్రమాదంలో మోకాలి కీలే తప్పిపోయి, తనంతట తాను మళ్లీ కూర్చుని ఉండొచ్చు. పైకి చూస్తే వాపు తప్ప ఏమీ కనపడదు. కానీ మోకాలి వెనక నుంచి కిందికి దిగే రక్తనాళం లోపల చిరిగి ఉండొచ్చు. పాదం చల్లబడినా, పాలిపోయినా, వేళ్లు మొద్దుబారినా, పాదం పైన నాడి దొరకకపోయినా అది రాత్రికి రాత్రే పెద్దాసుపత్రికి వెళ్లాల్సిన కేసు. రక్తం అందకుండా ఆరు నుంచి ఎనిమిది గంటలు దాటితే కాలు దక్కడం కష్టం. దారిలో ఎక్కడా బిగుతు కట్టు కట్టించకూడదు. వెదురు దబ్బలు పెట్టి బిగించిన కట్టు కింద వాపు పెరిగి, కండ చచ్చిపోయి, చివరకు కాలు తీసేయాల్సి వచ్చిన కేసులు మన దేశంలో కొత్త కాదు.

రెండోది మోకాలు ‘లాక్’ అయిపోవడం. మోకాలు పూర్తిగా చాపబోతే ఏదో అడ్డం పడ్డట్టు ఆగిపోతుంది, ఎంత నొక్కినా రాదు. చిరిగిన మెనిస్కస్ ముక్క బకెట్ పిడిలా తిరగబడి కీలు మధ్య ఇరుక్కుంటే ఇలా అవుతుంది. దీనికి కసరత్తు మందు కాదు. త్వరగా ఆపరేషన్ చేసి ఆ ముక్కను దాని చోట పెట్టి కుట్టాలి. నెలలు గడిస్తే ముక్క నలిగి కుట్టు నిలవదు, కోసి తీసేయడమే మిగులుతుంది. మెనిస్కస్ తీసేసిన మోకాలు తొందరగా అరుగుతుంది.

మూడోది లిగమెంటు తన వెంట ఎముక ముక్కను పెరుక్కుని రావడం. పిల్లల్లో ఇది ఎక్కువ. ఎక్స్‌రేలో కనపడుతుంది. ముక్క పైకి లేచి ఉంటే దాన్ని తిరిగి బిగిస్తారు. అందుకే ఎమ్మారై కంటే ముందు ఎక్స్‌రే. ఇది వదిలేసి నేరుగా ఎమ్మారైకి పరుగెత్తడం డబ్బు దండగ.

మొదటి పది రోజులు

దెబ్బ తగిలిన మోకాలికి తైలం పెట్టి గట్టిగా మర్దన చేయడం, వేడి కాపడం, సారా తాగి నొప్పి మరవడం, ‘కొంచెం పరిగెత్తితే సర్దుకుంటాది’ అనుకోవడం, ఈ నాలుగూ వాపును పెంచేవే. మొదటి మూడు రోజులు కాలు గుండె కంటే ఎత్తులో పెట్టాలి. గుడ్డలో చుట్టిన ఐసు 15 నిమిషాలు, రెండు మూడు గంటలకోసారి. వేలు దూరేంత వదులుగా క్రేప్ బ్యాండేజీ. పక్కన కర్ర.

పెద్ద డాక్టరు దగ్గరకు ఆ రోజే వెళ్లినా, వాపూ నొప్పీ ఉన్న మోకాలిలో పరీక్ష సరిగా తేలదు. తొడ కండలు బిగుసుకుని తెగిన లిగమెంటును దాచేస్తాయి. పది రోజులాగి మళ్లీ చూపించుకోవాలి. మోకాలు కొద్దిగా వంచి, తొడను ఒక చేత్తో పట్టి, కాలి ఎముకను ఇంకో చేత్తో ముందుకు లాగే పరీక్ష పేరు లాక్‌మన్. బాగున్న కాలితో పోల్చి, ఎంత జారింది, చివర్లో ఆగిందా లేదా అని అనుభవం ఉన్న చేయి పసిగట్టేస్తుంది. స్కాన్ రిపోర్టులో ‘పార్షియల్ టియర్’ అని ఉన్నా చేతికి పట్టు దొరక్కపోతే ఆ లిగమెంటు పనిచేయడం లేదనే లెక్క. ఎమ్మారై ముఖ్యంగా చూపించేది మెనిస్కస్ సంగతి. రిపోర్టులో ఏసీఎల్ వాక్యం దగ్గరే ఆగిపోకుండా మెనిస్కస్ వాక్యం కూడా డాక్టరు చేత చదివించుకోండి.

‘అదే అతుక్కుంటాది’ అన్న మాటలో నిజమెంత

స్వీడన్‌లో 18 నుంచి 35 ఏళ్ల మధ్య ఉన్న 121 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు వెంటనే ఆపరేషన్, దానితోపాటు కసరత్తు. రెండో గుంపుకు ముందు కసరత్తు, మోకాలు పట్టు తప్పుతూనే ఉంటే అప్పుడు ఆపరేషన్. 2010లో వచ్చిన ఫలితాల ప్రకారం రెండేళ్ల తర్వాత నొప్పి, పని, ఆట విషయంలో రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. కసరత్తు గుంపులోని 59 మందిలో రెండేళ్లకు 23 మంది, ఐదేళ్లకు 30 మంది ఆపరేషన్‌కు వెళ్లారు. అంటే దాదాపు సగం మందికి కోత లేకుండానే గడిచింది. తర్వాత వాళ్ల ఎమ్మారై స్కాన్లు తిరిగి చూస్తే, కసరత్తుతోనే సరిపెట్టుకున్నవాళ్లలో రెండేళ్లకు సుమారు సగం మందిలో ఏసీఎల్ పోగులు మళ్లీ కలిసిన గుర్తులు కనిపించాయి.

నెదర్లాండ్స్‌లో 167 మందితో చేసి 2021లో ప్రచురించిన పరిశోధనలో మాత్రం వెంటనే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు రెండేళ్లకు కొద్దిగా మెరుగ్గా ఉన్నారు. అక్కడ కూడా కసరత్తు గుంపులో సగం మంది కోతకు వెళ్లనే లేదు. 2022లో బ్రిటన్ నుంచి వచ్చినది 316 మందిది. వాళ్లు దెబ్బ తగిలి నెలలు గడిచి, మోకాలు ఇంకా పట్టు తప్పుతూ ఉన్నవాళ్లు. వాళ్లకు ఆపరేషనే స్పష్టంగా మేలు చేసింది.

ఈ మూడూ కలిపి చదివితే మాకు తోచేది ఇది: కొత్త దెబ్బకు, మెనిస్కస్ బాగుండి మోకాలు లాక్ కాకుండా ఉంటే, మూడు నెలల గట్టి కసరత్తు ముందు. ఆ తర్వాత కూడా మోకాలు జారుతూ ఉంటే ఇంక నానబెట్టకుండా ఆపరేషన్. జారిన ప్రతిసారీ మెనిస్కస్ నలుగుతుంది. ‘నెలకోసారి జారుతాది గానీ అలవాటైపోయింది’ అంటూ రెండేళ్లు గడిపినవాళ్ల మోకాలే చివరకు అందరికంటే ఎక్కువ అరిగి కనపడుతుంది.

ఆస్ట్రేలియాలో ఇంకో పద్ధతి వచ్చింది. మోకాలిని 90 డిగ్రీల దగ్గర వంచి బ్రేస్‌లో నాలుగు వారాలు కదలకుండా ఉంచి, తర్వాత వారం వారం కొంచెం కొంచెం చాపనిస్తూ 12 వారాలకు బ్రేస్ తీస్తారు. వంగిన భంగిమలో తెగిన కొసలు దగ్గరవుతాయి. 2023లో ప్రచురించిన 80 మంది వివరాల్లో పది మందికి తొమ్మిది మంది స్కాన్‌లో అతుకు కనిపించింది. 11 మందికి మళ్లీ తెగింది. పోల్చి చూడటానికి రెండో గుంపు లేదు. ఇది విని ఇంట్లో కాలు వంచి కట్టేసుకోవద్దు. అన్నాళ్లు వంచి ఉంచిన కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది, దానికి మందు వాడతారు. దెబ్బ తగిలిన కొద్ది వారాల్లోనే మొదలవ్వాలి, తెగిన తీరు స్కాన్‌లో చూసి మరీ ఎంచుకోవాలి.

ఎవరు మొదటే ఆపరేషన్ వైపు మొగ్గాలి? కబడ్డీ, ఫుట్‌బాల్, వాలీబాల్ పోటీలకు తిరిగి వెళ్లి తీరాలనుకునే పాతికేళ్ల లోపువాళ్లు. కుట్టదగిన మెనిస్కస్ చిరుగు కూడా ఉన్నవాళ్లు. ఒకటికి మించి లిగమెంట్లు తెగినవాళ్లు. పోలీసు, సైన్యం ఉద్యోగాలకు పరుగు పరీక్ష ఉన్నవాళ్లు. దుకాణం, టైలరింగు, ఆఫీసు పని చేసుకునే నలభై దాటిన మనిషికి ముందు కసరత్తే సరైన దారి. ఇద్దరికీ మధ్యన ఉన్నది మన రైతు, కొండ పల్లాల్లో జీడితోట చూసుకునే మనిషి. ఆటగాడు కాకపోయినా గట్లు, బురద, వాలు అతని మోకాలిని ఆటగాడి మోకాలిలాగే మెలితిప్పుతాయి. అందుకే డాక్టరు ‘ఆటలాడతావా?’ అని అడిగి ‘లేదు’ అనిపించుకుని వదిలేస్తే సరిపోదు. బరువెత్తుకుని గట్ల మీద నడుస్తాను, రోజూ గొంతుక్కూర్చుంటాను అని మీరే చెప్పాలి.

మూడు నెలల కసరత్తు అంటే

నాలుగు అడుగులు నడిచి, కాలు కాసేపు ఊపడం కసరత్తు కాదు. ఫిజియోథెరపిస్టు చూపించాలి, మీరు రోజూ చేయాలి.

మొదటి లక్ష్యం మోకాలు పూర్తిగా చాపుకోవడం, బాగున్న కాలితో సమానంగా. మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలి కింద ఖాళీ ఉంచి, రోజుకు మూడుసార్లు పదేసి నిమిషాలు వదిలేయాలి. అదే భంగిమలో తొడ ముందు కండ బిగించి మోకాలిని నేలవైపు నొక్కి ఐదు సెకన్లు ఆపాలి. పదిసార్లు, మెలకువగా ఉన్నంతసేపూ గంటా రెండు గంటలకోసారి. దెబ్బ తగిలిన వారంలోనే తొడ కండ నిద్రపోతుంది. టేపుతో కొలిస్తే రెండు తొడలకూ తేడా కనపడుతుంది. దాన్ని లేపకుండా మిగతా కసరత్తులన్నీ వృథా. తర్వాత కాలు నిటారుగా ఉంచి పైకెత్తడం, మడమను పిరుదు వైపు జరుపుతూ వంచడం.

మోకాలు పూర్తిగా చాపగలిగి, వాపు తగ్గాక బరువులు. ప్లాస్టిక్ కుర్చీ మీంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, 10 సెంటీమీటర్ల మెట్టుతో మొదలుపెట్టి 20కి పెంచుతూ ఎక్కి దిగడం, ఒంటికాలిపై అర నిమిషం నిలబడటం. ఎనిమిది నుంచి పన్నెండుసార్లు చొప్పున మూడు విడతలు, వారానికి మూడు రోజులు. సులువైపోతే వీపున సంచిలో ఐదు కిలోల బియ్యం, తర్వాత పది కిలోలు. బరువు పెంచకుండా అదే కసరత్తు మూడు నెలలు చేసేవాళ్లే ఎక్కువ, అందుకే ఫలితం కనపడదు. ఒంటికాలిపై కుర్చీలోంచి లేవడం చివరి మెట్టు. బాగున్న కాలు ఇరవైసార్లు లేస్తే దెబ్బ కాలు పద్దెనిమిదైనా లేవాలి.

ఎంత చేస్తే ఎక్కువో మోకాలే చెబుతుంది. దానికి ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటుంది. కాలు చాపి పడుకుని, మోకాలిచిప్ప లోపలి పక్కనున్న గుంటను అరచేత్తో కింది నుంచి పైకి రెండు మూడుసార్లు నిమరండి. అక్కడి నీరు పైకి పోయి గుంట తేలుతుంది. ఇప్పుడు బయటి పక్కను పై నుంచి కిందికి ఒక్కసారి నిమరండి. లోపలి గుంటలోకి చిన్న అలలా నీరు తిరిగొస్తే వాపు ఇంకా ఉంది. బయటి పక్క నిమరకముందే గుంట నిండిపోతే వాపు ఎక్కువ, ఆ వారం బరువులు మాని మొదటి కసరత్తులకు వెనక్కి వెళ్లాలి. కసరత్తు చేసిన మర్నాడు పొద్దున ఇలా చూసుకుంటే స్కాన్ కంటే పనికొచ్చే సమాచారం దొరుకుతుంది.

ఈ మూడు నెలల్లో మోకాలు ఎన్నిసార్లు జారిందో తేదీతో సహా రాసి పెట్టుకోండి. ఒక్కసారి కంటే ఎక్కువ జారితే ఆ మోకాలికి కోత అవసరమయ్యే అవకాశం ఎక్కువ. జారలేదు, వాపు లేదు, రెండు కాళ్లూ సమానంగా లేస్తున్నాయి అంటే ఆ దారినే కొనసాగొచ్చు.

ఇన్నాళ్లూ కసరత్తు చేసి చివరకు ఆపరేషన్‌కు వెళ్లినా ఆ శ్రమ పోదు. వాచి, బిగుసుకుపోయిన మోకాలికి తొందరపడి కోత పెడితే లోపల మచ్చ కణజాలం పెరిగి మోకాలు కొయ్యబారిపోతుంది. పూర్తిగా చాపగలిగే, గట్టి కండ ఉన్న మోకాలే ఆపరేషన్ తర్వాత తొందరగా కోలుకుంటుంది.

కోత దారిలో అడగాల్సినవి

తెగిన లిగమెంటును సాధారణంగా కుట్టరు. ఒంట్లోంచి వేరే పట్టీ (కండను ఎముకకు కలిపే తాడు) తీసి దాని స్థానంలో పెడతారు. నడుముకు మత్తిచ్చి, సెంటీమీటరంత రెండు రంధ్రాల్లోంచి కెమెరా, పనిముట్లు లోపలికి పంపుతారు. పట్టీని తొడ వెనక కండల నుంచి తీస్తే నాలుగు మడతలు వేసి 8 మిల్లీమీటర్లకు తగ్గని లావు వచ్చేలా చూస్తారు, అంతకంటే సన్నగా ఉంటే మళ్లీ తెగే ప్రమాదం ఎక్కువ. రెండు ఎముకల్లోనూ సొరంగం తొలిచి, పట్టీని లాగి, పైన చిన్న లోహపు బటన్, కింద స్క్రూతో బిగిస్తారు.

పట్టీ ఎక్కడి నుంచి తీస్తారన్నది మన జీవితాన్ని బట్టి మాట్లాడుకోవాల్సిన విషయం. మోకాలిచిప్ప కింది పట్టీ గట్టిగా నిలుస్తుంది, కానీ మోకాళ్ల మీద వంగినప్పుడు నొప్పి ఏళ్ల తరబడి వేధించొచ్చు. నమాజు చేసేవారు, మోకాళ్లూని పూజ చేసేవారు, నేల మీద పని చేసేవారు ఇది ముందే చెప్పాలి. తొడ వెనక నుంచి తీస్తే ఆ బాధ తక్కువ, కానీ బాగా వంచినప్పుడు వెనక కండ బలం కొంత తగ్గుతుంది. మెనిస్కస్‌కు కుట్టు వేస్తే నాలుగు నుంచి ఆరు వారాలు 90 డిగ్రీలకు మించి వంచకూడదు, నెలల పాటు గొంతుక్కూర్చోకూడదు. ఇంట్లో కుర్చీలాంటి మరుగుదొడ్డి లేకపోతే ఆపరేషన్ తేదీకి ముందే ఏర్పాటు చేసుకోవాలి. చాలామంది ఇంటికి తిరిగొచ్చాక గానీ ఈ సంగతి గుర్తు తెచ్చుకోరు.

కోత పెడితే మోకాలు అరగదన్న హామీ లేదు. ఏ దారి ఎంచుకున్నా దెబ్బతిన్న మోకాలికి పది, ఇరవై ఏళ్లలో అరుగుదల వచ్చే ముప్పు ఉంటుంది. ఒంటి బరువు, తొడ బలం దాన్ని ఎక్కువ తక్కువ చేస్తాయి.

మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో ఇంకో చిక్కు ఉంది. గంజాం వాళ్లు బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీకి, గజపతి వాళ్లు మహేంద్రతనయ దాటి పాతపట్నం మీదుగా శ్రీకాకుళానికి, రాయగడ వాళ్లు రైలెక్కి విజయనగరం, విశాఖలకు పోతారు. ఆపరేషన్ ఒక రాష్ట్రంలో, ఫిజియో ఇంకో రాష్ట్రంలో అవుతుంది. డిశ్చార్జి కాగితం మీద పట్టీ ఎక్కడిది, లావెంత, మెనిస్కస్ కుట్టారా తీశారా, ఎన్నాళ్లు ఎంత వంచొచ్చు అన్నవి రాసి ఉండాలి. అవి లేకుండా ఇక్కడి ఫిజియో భయపడి తక్కువ చేయిస్తాడు, లేదా తెలియక ఎక్కువ వంచేస్తాడు. వారానికి రెండుసార్లు ఫిజియో దగ్గరకు వెళ్లే వీలు లేనివాళ్లు ఆ వీలు చూసుకున్నాకే తేదీ తీసుకోవాలని మా గట్టి అభిప్రాయం. కసరత్తు లేని ఆపరేషన్ కంటే ఆపరేషన్ లేని కసరత్తు మేలు.

ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి కేంద్రం వారి ఆయుష్మాన్ భారత్, రాష్ట్రం వారి గోపబంధు జన ఆరోగ్య యోజన అనే వైద్య పథకాలు కలిపి నడుస్తున్నాయి. ఆయుష్మాన్ కార్డు పథకంలో చేరిన ఆసుపత్రుల్లో రాష్ట్రం దాటినా చెల్లుతుంది. ఆంధ్ర కార్డు ఉన్నవాళ్లకు ఎన్టీఆర్ వైద్య సేవ. మీ ఆపరేషన్, లోపల పెట్టే బటన్, స్క్రూ ప్యాకేజీలో ఉన్నాయా అని చేరకముందే పథకం కౌంటర్లో అడగండి.

లాక్ కాని మోకాలికి ఆపరేషన్ తేదీ మన చేతిలోనే ఉంటుంది కాబట్టి పంట కూడా లెక్కేసుకోవచ్చు. వరి కోతలు అయ్యాక డిసెంబరులో చేయించుకుంటే వచ్చే ఉభాల నాటికి ఏడు నెలలు దాటుతుంది. కుడి కాలైతే బండి బ్రేకు గట్టిగా నొక్కే బలం రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. కిక్ కొట్టడం ఇంకా చాలా తర్వాత.

కబడ్డీకి మాత్రం తొమ్మిది నెలల ముందు వద్దు. పెట్టిన పట్టీ మొదటి రెండు మూడు నెలల్లో బలపడదు, పైగా బలహీనపడుతుంది. ఆ తర్వాతే మెల్లగా లిగమెంటు స్వభావం తెచ్చుకుంటుంది. నార్వేలో 106 మందిని గమనించి 2016లో ప్రచురించినదాని ప్రకారం, తొమ్మిది నెలల దాకా ఆట వాయిదా వేసిన ఒక్కో నెలకూ మళ్లీ దెబ్బ తగిలే అవకాశం దాదాపు సగానికి తగ్గింది. నెలలు నిండాక కూడా మైదానంలో సున్నంతో గీత గీసి, ఒంటికాలిపై ఎంత దూరం గెంతి కదలకుండా నిలబడగలరో టేపుతో కొలవాలి. ఒక్కో కాలికి మూడుసార్లు. బాగున్న కాలు 150 సెంటీమీటర్లు గెంతితే దెబ్బ కాలు 135 దాటాలి. దాటినా నేల మీద దిగేటప్పుడు మోకాలు లోపలికి వంగుతుంటే ఇంకో నెల కసరత్తు చేసి మళ్లీ కొలవాలి.